వీధంతా ఒకే నైటీ

నైటీ అంటే నాకు మొదటినుంచీ గిట్టదు. గోనెసంచికి చేతులు కుట్టినట్టుంటుంది, ఎవరేమనుకున్నా సరే. మా రాప్తాడు వైపు ఎండలకు ఒంటికి కాస్త గాలి తగలాలంటే నూలుచీరే దిక్కు. ఈ మాట మా తోడికోడలితో ఎన్నిసార్లు అన్నానో. ఆమె నవ్వేది. "ఒక్కతూరి ఏసుకోని సూడక్కా, మల్లా ఇప్పనంటావు" అనేది.

ఆమె మా మరిది పెళ్ళాం. మాదంతా ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. వానల్లేక శనక్కాయ చేలు ఎండిపోయి, మగవాళ్ళు బెంగళూరు పనులకు పోతూ వస్తూ ఉన్న రోజుల్లో, ఎవరో అనంతపురం నుంచి వచ్చి ఆమె చెవిలో ఈ బట్టల చైన్ సంగతి ఊదిపోయారు. ముందు నువ్వు కొని చేరాలి. తర్వాత నీ కింద కొందరిని చేర్చాలి, వాళ్ళు తమ కింద ఇంకొందరిని. కింద ఎంతమంది ఉంటే నువ్వంత పైకి పోతావు. వినగానే నాకు ఒళ్ళు మండింది.

"గుడ్డలమ్మాలంటే అంగడి పెట్టుకో మే. మనుషుల్ని ఒకరి నెత్తిన ఒకర్ని ఎక్కిచ్చే యాపారమేంది?" అన్నాను.

"నీకు తెల్దులే, గమ్మునుండక్కా" అంది.

పార్సిల్ వచ్చింది. విప్పి చూస్తే అన్నీ నైటీలే, అన్నీ ఒకే రకం. ముదురు నీలం మీద అరచేతంత పసుపు పువ్వులు. వేరే రంగు లేదా అంటే, ఇవన్నీ పోతేగానీ వేరేవి పంపరట. సరే, ఇంటింటికీ తిరిగింది. ఆమె వచ్చి నవ్వుతూ గడపలో కూర్చుంటే కాదనడం ఎవరి తరమూ కాదు. మొహమాటానికి కొందరు, పక్కింటామె తీసుకుందని కొందరు, మా వీధిలో అందరూ తీసుకున్నారు. సాయిబుల ఇళ్ళలోవాళ్ళు పైన చున్నీ కప్పుకున్నారు, మిగతావాళ్ళు తువ్వాలు వేసుకున్నారు, అంతే తేడా. తీసుకోనిది నేనొక్కదాన్నే. మొండిదాన్ని కదా. దానికి ఆమె రెండు పూటలు మూతి ముడుచుకుని, మూడోపూట టీ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆ గుడ్డ చెమట పీల్చదు. పట్టుకుంటే చల్లగా, జారుడుగా ఉంటుంది. అన్నిటికంటే నాకు నచ్చనిదేమిటంటే అది వెలవలేదు. మా బోరునీళ్ళ ఉప్పుకు ఎంత మంచి రంగైనా నెలకే చప్పబడిపోతుంది. ఈ నీలం మాత్రం ఎన్ని ఉతుకులు ఉతికినా మొదటిరోజున్నట్టే ఉండేది. గుడ్డ అన్నాక కట్టుకున్న మనిషితోపాటు పాతబడాలి. పాతబడని గుడ్డను చూస్తే నాకెందుకో మనసొప్పదు.

కొన్నాళ్ళకు కొళాయి దగ్గర ఎవరు ఎవరో వెనకనుంచి తెలియకుండా పోయింది. మా తోడికోడలనుకుని "బిర్నా రా మే, పొయ్యిమీద అన్నం మాడుతాండాది" అని అరిస్తే, తిరిగింది చివరింటి ముసలమ్మ. అందరం పగలబడి నవ్వుకున్నాం. ఆషాఢం వచ్చింది. మా దగ్గర ఆషాఢం గాలి అంటే మామూలు గాలి కాదు, నిలబడిన మనిషిని నెడుతుంది. ఒక సాయంత్రం మిద్దె ఎక్కి చూస్తే, ప్రతి ఇంటి దండెంమీదా ఆ నైటీలే. గాలి దూరి వాటికి పొట్టలు వచ్చాయి, భుజాలు వచ్చాయి, చేతులు లేచాయి. తలకాయలు మాత్రం లేవు. అన్నీ ఒకేవైపు ఒరిగి ఉన్నాయి. అవి పిలిస్తే పలకాల్సి వస్తుందేమో అన్నంత భయం వేసింది నాకు. గబగబా దిగొచ్చి తలుపేసుకున్నాను. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఆమెకొక కూతురు, అయిదో ఏడు నడుస్తోంది. ఎప్పుడూ తల్లి నైటీ అంచు వెనకనుంచి పిడికిట్లో పట్టుకుని తిరిగేది. పొయ్యి దగ్గరికీ, పెరట్లోకీ, ఎక్కడికైనా సరే. "నా తోక" అని తల్లి మురిసిపోయేది. దానికి వసపిట్టలాగా ఒకటే వాగుడు. నన్ను పెద్దమ్మా పెద్దమ్మా అని ప్రాణం తీసేది.

అనంతపురంలో మీటింగని ఆమె ఒకరోజు చీరకట్టుకుని పోయింది. తిరిగొస్తుంటే హైవేమీద ఆటోను లారీ గుద్దింది. అంతకుమించి ఆ సంగతి చెప్పడం నావల్ల కాదు.

పాపను ఎదురింట్లో ఉంచి, చేను గట్టున ఆమెను మట్టి చేసి వచ్చాం. తిరిగి వచ్చేసరికి మా అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "మీయమ్మ మీటింగుకు పోయినాది నాయనా, వస్తాది" అని చెబుతోంది. ఎందుకట్లా చెప్పినావని అత్తమీద ఎగిరాను. "ఇంకేం సెప్పల్ల? నువ్వు సెప్పు పో" అంది. నా నోరు కూడా లేవలేదు. ఊరందరిమీదా లేచే నోరు.

ఆ రోజునుంచి పాప మాట మానేసింది. ఆకలని లేదు, దాహమని లేదు, ఏడుపు కూడా లేదు. అనంతపురంలో డాక్టరు గొంతు చూసి, చెవులు చూసి, "ఏ జబ్బూ లేదమ్మా. బలవంతం చేయొద్దు, తనంతట తనే మాట్లాడాలి" అన్నాడు. ఎన్నాళ్ళకు అంటే చెప్పలేనన్నాడు. కొందరు పిల్లలు అట్లాగే ఉండిపోతారని కూడా అన్నాడు. తల్లి ఎట్లాగూ పోయింది, పిల్ల అయినా మళ్ళీ మనిషిలో పడుతుందా లేదా అన్నదొక్కటే నాకు పట్టుకుంది. తిన్నా అదే, పడుకున్నా అదే.

మాట మానేసింది గానీ నడక మానలేదు. గడప దిగి వీధిలోకి పోయేది. నీలం నైటీ కనిపిస్తే చాలు, వెనకనుంచి పోయి అంచు పట్టుకునేది. ఆ మనిషి ఎటుపోతే అటు నడిచేది. ఎప్పుడో ఒకప్పుడు ఆమె తిరిగేది కదా. తిరగ్గానే పాప తలెత్తి ముఖం చూసేది. ఏడ్చేది కాదు, బెదిరేది కాదు. పిడికిలి వదిలేసి, ఇంకో నైటీ వెనక్కి పోయేది. మొదట్లో ఆడవాళ్ళు ఎత్తుకుని ముద్దులు పెట్టి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. పోనుపోను భయం పట్టుకుంది.

"అది సూసే సూపు నాకు తట్టుకునేకి కాలేదక్కా. తప్పు నాదే అన్నట్ల సూస్తాది" అంది ఎదురింటామె.

చివరింటి ముసలమ్మ ఇంకోమాట చెప్పింది. కొళాయి దగ్గర వెనక అంచు లాగినట్టయి తిరిగిందట. ఎవరూ లేరట. "పాపనుకుంటి. సూస్తే యాడా ల్యాదు. ఆయమ్మే వచ్చిందేమో, గుడ్డ అడిగేకి" అంది. నీ మొహం, గాలికి రాయికి తగులుకునుంటుంది పో అని కసిరాను. పాప ఆ వేళకు నా పక్కలో నిద్రపోతూ ఉందని మాత్రం చెప్పలేదు.

అది చాలదన్నట్టు ఆ కంపెనీలో మా తోడికోడలికి పైనున్నామె ఒకరోజు కారు దిగింది. పలకరించి, కళ్ళొత్తుకుని, చివరికి అసలు సంగతికి వచ్చింది. చైన్ మధ్యలో తెగకూడదట, ఆమె స్థానంలో నేను కూర్చోవాలట. "ఆమె ఎక్కడికీ పోలేదండీ. మన గ్రూపులో ఆమె ఫొటో ఇంకా అట్లే ఉంది" అంది మెత్తగా. నాకు వీపున చన్నీళ్ళు పోసినట్టయింది, ఆ వెంటనే కోపం వచ్చింది. "లెయ్యి. లేసి కారెక్కు" అన్నాను. ఆ అరుపుకు పాప లేచి కూర్చుని నావైపు కళ్ళార్పకుండా చూసింది. దాన్నుంచి ఒక మాటైనా రాలుతుందేమోనని చూశాను. ఏమీ రాలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కరే నైటీ వేసుకోవడం మానేశారు. పారేయడానికి చేతులు రాలేదు, ఇంట్లో ఉంచుకోవడానికి ధైర్యం చాలలేదు. ఉతికి మడిచి తెచ్చి మా అరుగుమీద పెట్టిపోయేవాళ్ళు, ఎవరి సొమ్ము వాళ్ళకు అప్పజెప్పినట్టు. మా అత్త వాటిని గడప లోపలికి రానివ్వలేదు. అరుగుమీద అవి గుట్టపడ్డాయి.

వీధిలో ఇక నీలం కనబడలేదు. పాప గడప దిగడం కూడా మానేసింది. గోడవైపు తిరిగి పడుకునేది. ముద్ద నోట్లో పెడితే మింగేది కాదు, బుగ్గన ఉంచుకునేది. చేతులు పుల్లల్లా అయిపోయాయి. చూస్తూ చూస్తూ ఇది కూడా పోతుందిరా దేవుడా అనిపించింది.

ఒక మిట్టమధ్యాహ్నం, ఇంట్లో అత్త కునుకుతూ ఉంది. వీధిలో పురుగు కూడా లేదు. నేను అరుగుమీదికి పోయి పైనున్న నైటీ తీసి, గదిలో చీర విప్పేసి వేసుకున్నాను. ఎండలో ఉన్న గుడ్డ, అయినా చల్లగానే ఉంది. గదిలోంచి వస్తూ పాపవైపు చూడకుండా, వీపు కనబడేటట్టు దాని ముందునుంచే పెరట్లోకి నడిచి, బట్టలుతికే బండ దగ్గర నిలబడ్డాను. బక్కెట్లో మరిది అంగీ ఉంటే తీసి సబ్బు రుద్దుతున్నాను. ఎవరు వస్తారో, ఎవరూ రారో తెలియదు.

వెనక అడుగుల చప్పుడు లేదు. అంచు మాత్రం బిగిసింది.

నేను అటు జరిగితే అదీ జరిగింది, ఇటు జరిగితే ఇటు. తొట్టి దాకా పోయి నీళ్ళు తెచ్చాను, వెంటే వచ్చింది. తిరిగితే నా ముఖం చూస్తుంది, చూసి వదిలేస్తుంది. ఇక పట్టుకోవడానికి ఈ వీధిలో ఇంకెవరూ మిగల్లేదు. కానీ ఎంతసేపని మోసం చేయను? నాకు ఏడుపు ఆగడం లేదు. ఏదైతే అదయిందని తిరగబోయాను.

రెండు చిన్న చేతులు నా నడుముకు అడ్డంపడి గట్టిగా పట్టుకున్నాయి. వెచ్చటి ముఖం ఒకటి వీపుకు ఆనుకుంది.

"తిరగొద్దు పెద్దమ్మా" అంది పాప. "రోంతసేపు ఇట్లే ఉండు."

నేను తిరగలేదు. ఉతికిన అంగీనే మళ్ళీ ఉతుకుతూ నిలబడ్డాను.