ఆముదం పట్టించిన బంతి

హుమాయున్ పేరెత్తితే ప్రొద్దుటూరులో ఇప్పటికీ జనానికి ఒళ్లు మండుతుంది. ఏడేళ్లు గడిచినా జమ్మలమడుగు ఆట గురించి ఎవడో ఒకడు తీస్తాడు, ఇంకొకడు బూతు అందుకుంటాడు. నేనూ వాళ్లలో ఒకణ్ణే. అందరికంటే ఎక్కువ తిట్టింది నేనే. అయితే నేను చెప్పేది ఇంకెవరూ చెప్పలేరు, ఎందుకంటే ఆ బంతి కట్టింది నేను.

నా పేరు మౌలాలి. మైదుకూరు రోడ్డులో తోలంగడి నాది. బావుల్లోంచి ఎద్దులతో నీళ్లు తోడడానికి కపిలి తోలే రైతులకు బానలుంటాయి గదా, ఆ బానలకు కింద వేలాడే తోలు తొండాలు కుట్టడం మా తాతల నాటి పని. మా ఎండలకు తోలు ఊరికే పగులుతుంది. అందుకని తొట్టిలో నానబెట్టి, ఆముదం పట్టించి, మళ్లీ నానబెట్టి, మైనం రాసిన లావు తాడుతో కుడతాం. అలా కుట్టిన తొండం పదేళ్లు నీళ్లు మోస్తుంది.

జిన్నింగ్ మిల్లు లక్ష్మీనరసయ్య శెట్టి ఫుట్‌బాల్ టీము పెట్టి మద్రాసు నుంచి బంతి తెప్పించాడు. మొదటి ఎండాకాలానికే దాని తోలు నోరు తెరిచింది. బాగు చెయ్యమని నాకు పంపించాడు. బంతి గురించి నాకేం తెలుసు? తొండానికి ఏం చేస్తానో దీనికీ అదే చేశాను. నానబెట్టాను, ఆముదం తాగించాను, నోటికి లావు తాడు బిగించి ముడి పైకే వదిలాను. పని బాగా కుదిరిందని నాకు నేనే మెచ్చుకున్నాను.

ఆ బంతితో పులివెందుల టీము వచ్చి ఆడింది. వాళ్ల కెప్టెను ఒక్కసారి తల పెట్టి, నుదురు పట్టుకుని కూలబడి, ఇది బంతా బండా అని అడిగాడు. మా వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ రోజు నుంచి అదే మాకు ఆయుధమైంది. ఆట ముందు రోజు బంతిని తెచ్చి నాకివ్వడం, నేను తొట్టిలో వెయ్యడం, ఆముదం రుద్దడం. అవతలి జట్టు వాళ్లు గాల్లో బంతి వస్తే తల తప్పించేవాళ్లు. దానికి తల పెట్టగలిగినవాడు జిల్లా మొత్తం మీద ఒక్కడే, మా హుమాయున్.

వాడిది రాజుపాలెం దగ్గర పల్లె. మిల్లులో పత్తి బేళ్లు మోయడానికి వచ్చాడు. ఎత్తరి. మెడ దున్నపోతు మెడ. ఆట చూసి లక్ష్మీనరసయ్య వాణ్ణి బేళ్ల కింద నుంచి తప్పించి వాచ్‌మన్‌ పని ఇచ్చాడు, మిల్లు కాంపౌండులోనే ఒక గది ఇచ్చాడు. వాడి పెళ్లాం గులాబ్‌బీ ఆ గది ముందు సున్నం కొట్టిన పిట్టగోడ కట్టుకుని, రెండు కోళ్లు పెంచుకుని, మహారాణిలా ఉండేది. సాయంత్రాలు గ్రౌండులో ఆ బంతినే నేను విసిరేవాణ్ణి, వాడు తల పెట్టేవాడు. వంద విసిరితే వందా పెట్టేవాడు. నుదుటి మీద నా తాడు ముడి అచ్చు ఎర్రగా పడేది. మాకు ఆ అచ్చు చూస్తే గర్వంగా ఉండేది. వాడు పడుకోవడం లేదనీ తల పగిలిపోతోందంటున్నాడనీ గులాబ్‌బీ ఒకసారి నాతో మొరపెట్టుకుంది. గుడ్డ తడిపి కట్టమని చెప్పి పంపించాను.

తొమ్మిదేళ్లు అలా ఆడాడు. ఆ తర్వాత వాడి వరస మారింది. మంగళవారం ఆటకు బుధవారం వచ్చేవాడు. బంతి ఇవ్వలేదని సొంత జట్టువాణ్ణే కాలరు పట్టుకున్నాడు. బొరుగులమ్మే మనిషి ఏదో అన్నాడని గంప తన్నేశాడు. గ్రౌండులో నిలబడి ఉన్నట్టుండి తూలేవాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త, మద్య నిషేధం గట్టిగా ఉన్న రోజులు. దొంగసారా ఎక్కడ దొరుకుతుందో అందరికీ తెలుసు, తూలినవాడు తాగినవాడే. వాడికి తలకెక్కిందని ఊరంతా అనుకున్నాం. పేరు తలకెక్కిందని కొందరు, సారా తలకెక్కిందని కొందరు. గుడ్డలంగడి బదరీనారాయణ అయితే రెండూ ఎక్కాయని తేల్చాడు. ఆయన ఆట ఒక్కటీ వదిలేవాడు కాదు, తిట్టడం మొదలుపెడితే గ్రౌండు అవతలికి వినిపించేది.

యాభై ఐదులో జమ్మలమడుగుతో ఆఖరి ఆట. పత్తి లారీలో ఎక్కి వాళ్ల ఊరికి పోయాం. మా వైపు ఒక కట్టుబాటు ఉంది. మొదటి సగం పిలిచిన ఊరి బంతితో ఆడాలి, రెండో సగం వచ్చిన ఊరి బంతితో. మొదటి సగంలో హుమాయునే గోలు కొట్టాడు. ఇంక మన బంతి వస్తుంది, గెలిచినట్టే అని మేం అప్పుడే తలపాగాలు ఎగరేశాం. సగానికి జట్లు వైపులు మారాయి. ఎవరో కార్నరు నుంచి బంతి ఎత్తారు. హుమాయున్ జనం మధ్యలోంచి లేచాడు. అంత చక్కగా తల పెట్టడం నేను మళ్లీ చూడలేదు. బంతి పోయి మా గోల్లోనే పడింది.

వాడు రెండు చేతులూ ఎత్తి నవ్వుతూ మా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.  జమ్మలమడుగు వాళ్లు ఈలలు వేసి, మీ వాడు మా వాడేనప్పా అని కేకలు పెట్టారు. రెఫరీ వచ్చి అది అవతలి వాళ్ల గోలని చెబితే వాడు నమ్మలేదు. రెండోసారి చెప్పేసరికి వాడు రెఫరీ చెంప పగలగొట్టాడు. నేను గ్రౌండు చుట్టూ కట్టిన తాడు దాటి పోయి వాణ్ణి నడుం పట్టి లాగాను. వాడు నా భుజం మీద ముఖం పెట్టి రొప్పుతున్నాడు. ఆట అక్కడితో ఆపి కప్పు వాళ్లకు ఇచ్చేశారు. లారీలో వాణ్ణి ఎక్కనివ్వలేదు. వాళ్ల దుడ్లు తిన్న కుక్క నడిచి రానీ అని బదరీనారాయణ వాడి చెప్పులు రోడ్డు మీదకు విసిరేశాడు. ఆ మాటకు అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ణి నేను.

మర్నాడు మిల్లు ఆవరణలో పంచాయతీ పెట్టారు. ఆట చూసిన వాళ్లంతా వచ్చారు. లక్ష్మీనరసయ్య పెద్దమనిషి. ఓడిపోతే ఓడిపోయాం, రెఫరీని కొట్టినందుకు ఒక ఏడు ఆట మాన్పిస్తాను, పని మాత్రం తీసెయ్యను అన్నాడు. కానీ తాగి గ్రౌండులో దిగి ఉంటే వాడు ఈ గేటులో ఒక్క పూట కూడా ఉండడానికి వీల్లేదన్నాడు. వాడి పని, వాడి గది, గులాబ్‌బీ కోళ్లు, అన్నీ ఆ ఒక్క మాట మీద నిలబడ్డాయి. హుమాయున్‌ను అడిగితే నాకు ఆ ఆట గ్యాపకమే లేదు శెట్టీ అన్నాడు. జనం బుస్సుమన్నారు. అప్పుడు లక్ష్మీనరసయ్య నా వైపు తిరిగాడు.

"మౌలాలీ, వాణ్ణి పట్టుకునింది నువ్వు. వాసన వచ్చిందా, లేదా? నువ్వు సెప్పిందే మాట."

వచ్చింది. ఆముదం వాసన వచ్చింది. నా బంతికి నేను రుద్దిన ఆముదం, వాడి నుదుటి మీద చెమటలో కలిసి ముక్కుపుటాలకు కొట్టింది. అదొక్కటే. కానీ జనమంతా నన్నే చూస్తున్నారు. జమ్మలమడుగు ఈలలు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఊరి పరువు తీసినవాడు హాయిగా గదిలో కూర్చుని జీతం తింటాడా అని కడుపు మండిపోయింది.

"సారా వాసన వచ్చింది శెట్టీ," అన్నాను.

హుమాయున్ తలెత్తి నన్ను చూశాడు. వాడు ఎదురు తిరుగుతాడని, కొట్టినా కొడతాడని కాచుకున్నాను. వాడు కాసేపు ఏదో వెతుక్కున్నట్టు చూసి తల దించుకున్నాడు. సాయంత్రానికి గులాబ్‌బీ సామాను తట్టలో పెట్టుకుని గేటు బయట ఉంది.

ఆ తర్వాత ఊరు వాణ్ణి వదల్లేదు. గ్రౌండు వైపు వస్తే మట్టిబెడ్డలు పడేవి. బజారులో ఆపి, ఏ పక్క గోలప్పా నీది అని అడిగేవాళ్లు. వాడు నిజంగా ఆలోచించి ఒక పక్క చూపించేవాడు. అది చూసి ఇంకా నవ్వేవాళ్లు. గులాబ్‌బీ నూనెమిల్లులో వేరుశనగ కాయలు వలిచి వాణ్ణి సాకుతోంది. నాకు జాలి కలగలేదు. తాగుబోతుకు ఇదే శాస్తి అని నేనూ అనేవాణ్ణి. ఏళ్ల తరబడి అనగా అనగా నాకే అది నిజమనిపించింది.

ఈ ఏడు వేసవిలో గులాబ్‌బీ అంగడికి వచ్చింది. కడపలో పెద్ద డాక్టరుకు చూపించిందట. తల లోపల నరాలు దెబ్బతిన్నాయనీ, ఇది తాగుడు వల్ల వచ్చేది కాదనీ ఆయన చెప్పాడట.

"తలమింద శానా బరువు పడే పని ఏమన్నా చేసినాడా అని అడిగినాడు మామా. బేళ్లు వీపున మోసినాడు, తలతో బంతి ఆడినాడు, అంతే అని సెప్పినా. బంతికి ఏమైతాదిలే అని ఆయప్ప నవ్వినాడు."

ఆమె పోయాక మిల్లుకు పోయి, మూలన పడి ఉన్న ఆ పాత బంతిని తెచ్చుకున్నాను. ఎప్పటిలాగే నానబెట్టి ఆముదం రుద్దాను. తక్కెడలో వేశాను. కొత్త బంతి ఒక పౌను తూగుతుందని చెబుతారు. నాది రెండు పౌన్లు దాటింది. దాన్ని రోజుకు వంద సార్లు, తొమ్మిదేళ్లు వాడి తల మీదకు విసిరింది ఈ చేతులే. థూ, నా బతుకు.

ఆ శుక్రవారం నమాజు అయ్యాక హుమాయున్ అంగడి మెట్టెక్కాడు. మనిషి సగమయ్యాడు. నుదుటి మీద మచ్చ మాత్రం పోలేదు. మసీదులో అల్లా ముందు తప్పొప్పుకుని తౌబా చేసుకున్నాడట. తప్పు చేసిన మనిషి ఎవరి పరువు తీశాడో వాళ్లను అడిగి మాఫీ తెచ్చుకోవాలని నమాజు చదివించే హజ్రత్ చెప్పాడట.

"ఆ పొద్దు తాగి ఊరి పరువు తీసినా మామా. మాఫ్ చెయ్యి."

"యాడ తాగినావు రా?" అన్నాను. 

"అదే గ్యాపకం రాదు. యాడ తాగినానో, ఎవురు పోసినారో, ఏడేండ్లుగా ఎతుకుతాండా, దొరకదు. నువ్వు సెప్పినావు గదా మామా, వాసన వచ్చిందని. నువ్వు ఉత్తుత్తగ సెప్తావా? తాగే ఉంటా."

వాడు నన్ను నమ్మాడు. వాడి తలలో వాడికి దొరకని చోట నా అబద్ధాన్ని పెట్టుకుని, చెయ్యని తప్పుకు తౌబా చేసుకుంటున్నాడు. అంగట్లో ఎవరూ లేరు. వాడి రెండు చేతులూ పట్టుకుని చెప్పేశాను. నువ్వు తాగలేదు రా, నేను అబద్ధం చెప్పాను, అది ఆముదం వాసన అన్నాను. వాడికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత ముఖమంతా నవ్వయింది. గులాబ్‌బీకి సెప్పాల అని మెట్లు దూకాడు. రోడ్డు మీదకు పోయి నిలబడి ఇటూ అటూ చూసి, ఇంటికి కాకుండా మైదుకూరు వైపు నడిచాడు.

తరువాతి శుక్రవారం మళ్లీ వచ్చాడు. మాఫ్ చెయ్యి మామా అన్నాడు. మొదటిసారి వచ్చినట్టే వచ్చాడు. నేను మళ్లీ అంతా చెప్పాను. మళ్లీ నవ్వాడు, మళ్లీ పరుగెత్తాడు. గులాబ్‌బీకి ఆ మాట చేరలేదు. నేనే పోయి చెప్పవచ్చు. రెండుసార్లు చెప్పులేసుకుని వీధి మొగదాకా పోయి వెనక్కి వచ్చాను.

మొన్న శుక్రవారం బదరీనారాయణ అంగట్లో కూర్చుని ఉన్నాడు. జమ్మలమడుగుకు లారీలో వచ్చిన వాళ్లు ఇంకో నలుగురు ఉన్నారు. హుమాయున్ మెట్టెక్కగానే, వచ్చినాడప్పా అమ్ముడుబోయినోడు అని ఒకడు అందుకున్నాడు. వాడు అవేం పట్టించుకోలేదు. నా ముందు నిలబడి, చేతులు కట్టుకుని, తాగినందుకు మాఫ్ చెయ్యి మామా అన్నాడు.  అయిదుగురూ నేనేమంటానా అని నా ముఖమే చూస్తున్నారు.

"మాఫ్ చేసినాలే, పో," అన్నాను.

వాడు నా చెయ్యి కళ్లకద్దుకుని మెట్లు దిగిపోయాడు. బదరీనారాయణ నా భుజం తట్టి, అంత చేసినోన్ని కూడా క్షమించినావు, పెద్ద మనసప్పా నీది అన్నాడు. నేను కాదనలేదు.