మా పిల్లుల నెత్తురు అడిగిన మహబూబ్ సార్

నిన్న పొద్దున కల్లూరులో షేర్ ఆటోలో ఉన్నా. కడప నుంచి అమ్మ ఫోన్.

"తులసీ, మన మహబూబ్ సారు పోయినాడంట."

నేను పనిచేసే స్కూల్ దాటిపోయింది. ఆటో ఆపమని చెప్పాలని కూడా తోచలేదు.

కాసేపటికి సార్ భార్య షాహీన్ ఖాలాకి ఫోన్ చేశా.

"కష్టం లేకుండా పోయినాడు బేటీ. టీ తాగి పండుకున్నాడు, అంతే. పిల్లి కాళ్ళకాడే ఉండాది" అన్నారు.

ఏడుపు కంటే ముందు నాకు హమ్మయ్య అనిపించింది.

తప్పుగా అనుకోకండి. రెండేళ్ళు డయాలసిస్. ఆ సూదులు, ఆ వాపులు చూసినవాళ్ళెవరైనా ఇలాగే అంటారు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. సార్ కడపలో పశువుల డాక్టర్. జనం బర్రెల్ని తోలుకొస్తే, వైద్యం చేస్తూనే "మీ ఇంట్లో పిల్లి ఉండాదా?" అని అడిగేవారు.

పిల్లి వెంట్రుకల్లో చెంగున ఎగిరే నల్ల పురుగులుంటాయి కదా, ఫ్లీస్. వాటి వల్ల పిల్లుల రక్తంలోకి చేరే బ్యాక్టీరియా మీద ఆయన రీసెర్చ్. జేబులో ఎప్పుడూ ఒక పేన్ల దువ్వెన.

వీధి వీధంతా నవ్వేది. మేమూ తెగ నవ్వాం.

నేను ఇంటర్ సెకండ్ ఇయర్‌లో ఉన్నప్పుడు మా నవ్వు ఆగిపోయింది.

చంకలో గడ్డ. మూడు వారాలుగా వదలని జ్వరం. ఒక డాక్టర్ టీబీ కావచ్చు అన్నారు. ఇంకొకాయన హైదరాబాద్ పోయి గడ్డ ముక్క కోయించి టెస్ట్ చేయించమన్నారు. క్యాన్సర్ అనే మాట ఇంట్లో ఎవరూ పలకలేదు కానీ, నాన్న కొట్లో కూర్చుని తూకాలు తప్పుతున్నాడు.

అప్పుడు సార్ బియ్యానికని మా కొట్టుకి వచ్చి, నా చేతి మీద గీతలు చూశారు.

"ఏం బేటీ, పిల్లి గీకిందా?"

మాది బియ్యం, పప్పుల కొట్టు. ఎలుకల కోసం మూడు పిల్లులుండేవి. బెల్లం, మినుములు, సగ్గుబియ్యం. రంగుల్ని బట్టి పెట్టిన పేర్లు.

పిల్లుల వల్ల కావచ్చు అని సార్ అన్నారో లేదో, నాన్న గోనెసంచి తీశాడు. మూడింటినీ బేతంచెర్ల పోయే బండల లారీ ఎక్కించేస్తాడట.

"ఆగు శెట్టప్పా! ముందు నెత్తురు చూడనీ."

మా డాక్టర్‌ని ఒప్పించి నా గడ్డలోంచి సూదితో తీసిన చీము కొంచెం తీసుకున్నారు. మూడు పిల్లుల రక్తం మూడు ట్యూబుల్లో పట్టారు. ఇంకు పెన్నుతో వాటి పేర్లు రాసి చీటీలు అంటించారు. బెంగళూరు ల్యాబ్‌లో ముందు బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఉందా అని చూస్తారట. ఉంటే అది ఏ రకమో జెనెటిక్ టైపింగ్ చేస్తారట.

నాన్నకి అర్థం కాలేదు.

"మీకు గోత్రాలుండాయి కదా శెట్టప్పా? ఈ బ్యాక్టీరియాకీ ఉండాయి. పాపలో ఉండేదీ పిల్లిలో ఉండేదీ ఒగటే గోత్రమా, కాదా అని చూస్తారు."

మర్నాడు రైలు. అప్పటిదాకా ఐస్ పెట్టె మా ఫ్రిజ్‌లో పెట్టి పోయారు. లోపల పిల్లి నెత్తురుందని అమ్మకి ఎవరం చెప్పలేదు.

మర్నాడేమో శుక్రవారం.

ఆ రోజు మా కొట్టు నుంచి ఏ సరుకు బయటికి పోయినా అమ్మ పసుపు కుంకుమ పెట్టాల్సిందే. పెట్టె తెరిచి, ఒక్కో ట్యూబుకీ తడి పసుపు పూసి బొట్టు పెట్టింది. నా చీము సీసాకి అన్నిటికంటే పెద్ద బొట్టు.

చీటీల మీద ఇంకు మొత్తం కరిగిపోయింది. నా సీసా వేరే రకం కాబట్టి బతికిపోయింది. బెల్లం ఏదో సగ్గుబియ్యం ఏదో ఆ దేవుడికే తెలియాలి.

నాన్న తల పట్టుకున్నాడు. సంగతి తెలిశాక అమ్మ ముందు ఫ్రిజ్ కడిగింది, తర్వాత ఏడ్చింది.

సార్ ఆ పచ్చటి ట్యూబుల్ని ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తి చూశారు.

"ఏం కాదులేమ్మా. బిడ్డ బాగుండాలనే పెట్టినావు. మళ్ళా తీద్దాం."

రెండోసారి సార్ పిల్లుల్ని పట్టుకుంటుంటే నాకు సిగ్గేసింది. ఎందుకంటే మొదటిసారి నేను ఒక పిల్లికూనని దాచేశా. లారీ ఎక్కిస్తారని భయపడి, నా బట్టల బీరువాలో. పేరు ఆవాలు. రోజూ నా చంకలోనే పడుకునేది.

ఈసారి తెచ్చి ఆయన చేతిలో పెట్టా. సార్ దాన్ని దువ్వెనతో దువ్వితే తెల్లకాగితం మీద నల్లగా పురుగులు రాలాయి. ఒక్క మాట తిట్టలేదు. నాలుగో ట్యూబు తీశారంతే.

కొన్ని రోజులకి బెంగళూరు నుంచి సార్ ఫోన్ చేశారు.

"బేటీ, ముందు హమ్మయ్య అను. తర్వాత చెప్తా."

ఎందుకో తెలియకుండానే అన్నా.

పెద్ద పిల్లులు మూడింట్లో ఏమీ లేదు. ఆవాలు రక్తంలో ఉంది, నా గడ్డలోనూ ఉంది. రెండూ ఒకే రకం. టీబీ కాదు, క్యాన్సర్ కాదు. డాక్టర్ ఇచ్చిన మాత్రలు కొద్దిరోజులు వేసుకున్నా. రెండు నెలలకి గడ్డ ఆనవాలు కూడా లేదు. నాన్న కొట్టు మూసి అందరికీ మైసూర్‌పాక్ పంచాడు.

గోనెసంచి మాత్రం ఇంకా చేతిలోనే ఉంది.

"పిల్లిది తప్పు కాదప్పా. ఆ పురుగుల్ని పోగొట్టు, చాలు" అని సార్ ఆ సంచి తీసుకుని, తన బియ్యం అందులో పోయించుకుని పోయారు.

అమ్మ రెండోసారి పెట్టెకి బొట్టు పెట్టకుండానే పంపింది. ఆ మొదటి పసుపు లేకపోతే సార్ మళ్ళీ వచ్చేవారు కాదు, నేను నిజం చెప్పేదాన్ని కాదు. ఈ మాట అంటే అమ్మ ఇప్పటికీ కొంచెం గర్వపడుతుంది.

నిన్న సార్ కాళ్ళ దగ్గర పడుకున్నది ఆవాలు కూతురే.

అల్లా మీకు నొప్పి లేని నిద్రనివ్వాలి సార్.

ఈసారి మీరు ముందు హమ్మయ్య అనండి.

ఏడుపు సంగతి మేం చూసుకుంటాం.