రెన్యూవల్ చెయ్యని కార్డు

నర్సీపట్నంలో నేను ఏడేళ్ళు ట్యుటోరియల్ మేష్టారుని. పదో తరగతి తప్పినవాళ్ళకి ఇంగ్లీషూ, లెక్కలూ చెప్పేవాణ్ణి. ఎనభైల మొదట్లో ఒక వేసవిలో మా యజమాని ట్యుటోరియల్ నడిచే పెంకుటింటిని జీడిపిక్కల గోడౌనుకి అద్దెకిచ్చేశాడు. "పిల్లలకంటే జీడిపిక్కలే నయం మేష్టారూ, అల్లరి సెయ్యవు, పరీక్ష తప్పవు" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పేటప్పుడు మాత్రం రాలేదు.

"పోన్లెండి, మీకు కార్డుంది కదా" అంది ఆవిడ.

కార్డంటే ఎంప్లాయ్‌మెంటు ఎక్స్ఛేంజి కార్డు. ఆ రోజుల్లో సర్కారు గుమస్తా పోస్టుకి పిలుపు రావాలంటే అక్కడ పేరుండాలి. ముందు రాయించుకున్నవాడికి ముందు పిలుపు. డిగ్రీ అవగానే విశాఖపట్నం వెళ్ళి రాయించుకొచ్చాను. కొన్నేళ్ళకోసారి రెన్యూవల్ చేయించకపోతే పేరు కొట్టేస్తారు. ఆ సంగతి మా ఊళ్ళో నాకంటే బాగా ఎవరికీ తెలీదు. నా దగ్గర పాసైన ప్రతివాడి చేతా నేనే పేరు రాయించేవాణ్ణి. గడువు దగ్గర పడగానే కబురుపెట్టి పిలిపించి, రెన్యూవల్ ఉత్తరం నేనే రాసి, తిరుగు కవరు జతచేసి మరీ పోస్టు చేయించేవాణ్ణి.

నా కార్డు ట్రంకుపెట్టె అడుగున ఉంది. తీసి చూస్తే గడువు దాటి రెండేళ్ళయింది. రోజంతా "మేష్టారండీ" అని పిలిపించుకునేవాడికి తానూ ఆ వరసలో నిలబడ్డవాడేనని ఎక్కడ గుర్తుంటుంది?

మర్నాడే బస్సెక్కాను. కౌంటర్లో గుమస్తా కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. "పాత సీనియారిటీ పోయినట్టేనండి. ఇవాళ్టి తేదీతో కొత్తగా రాయించుకోండి" అన్నాడు మర్యాదగానే. తప్పు వాళ్ళది కాదు. తిట్టుకుందామన్నా నేను తప్ప ఎవరూ దొరకలేదు. తిరుగు బస్సులో నర్సీపట్నం దాకా నిలబడే వచ్చాను.

ఇంట్లో "వరసలో ఉంది" అన్నాను. అబద్ధం కాదు. వరసలో ఎక్కడుందో ఆవిడ అడగలేదు.

ఆ రోజునుంచీ పదకొండింటికి పోస్టుమేను మా వీధిలోకి వచ్చేవేళకి ఆవిడ చేట పట్టుకుని గుమ్మంలో కూర్చునేది, బియ్యం ఏరే వంకతో. నాకు అటు చూడాలంటే భయం. వీధిలోవాళ్ళు దరఖాస్తు రాయించుకోవాలన్నా, జబ్బుమనిషికి తోడు పంపాలన్నా "మేష్టారు ఖాళీయే కదా" అని వచ్చేవాళ్ళు. కాదనడానికి నాకు మొహం చెల్లేది కాదు. ఏ ఉద్యోగమూ లేకుండా అంతలా ఎలా అలిసిపోయేవాణ్ణో ఇప్పటికీ అర్థం కాదు. సాయంత్రానికి కాళ్ళు లాగేసేవి, మాట్లాడాలంటే విసుగు.

వానలు పడ్డాక ఒకరోజు మాకవరపాలెం నుంచి నా పాత విద్యార్థి ఒకడు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. పదో తరగతి మూడుసార్లు తప్పి, నా దగ్గర నాలుగోసారికి గట్టెక్కినవాడు. గుమ్మంలో ఉన్న మా ఆవిడకి దండం పెట్టి, నా చేతిలో కవరు పెట్టాడు.

"గుమస్తా పోస్టుకి ఇంటర్వ్యూ అండి మేష్టారూ! బేగి సూసి సెప్పండి, ఏటేటి పట్టికెళ్ళాలో. అంతా మీ సలవేనండి. ఆ రెన్యూవల్ ఉత్తరం మీరు రాయకపోతే నా పేరు ఎప్పుడో కొట్టేద్దురు."

చేటలో ఆవిడ చెయ్యి ఆగింది.

"మేష్టారు నీకంటే ముందే రాయించుకున్నారు కదా బాబూ. మరి ఆయనకి రాలేదేటి?"

వాడు నా వైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను.

"నాది నేను రాసుకోలేదు" అన్నాను.

చెప్పుకోడానికి సిగ్గే గాని, ఆ కాగితం చింపి పారేయాలనిపించింది. నా పిల్లాడే, నా చేత్తో గట్టెక్కించినవాడే, అయినా ఒళ్ళు మండిపోయింది.

వాడు నసుగుతూ, "కండక్టు సర్టిఫికెట్టు కావాలటండి. మీరే ఇవ్వాలి. మీకంటే నన్ను ఎరిగినోలెవరున్నారు?" అన్నాడు.

"నేనిస్తే చెల్లదురా. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఇవ్వాలి. కింద స్టాంపు పడాలి."

అని ఊరుకోలేకపోయాను. తెల్లకాగితం తీసుకుని, ఇతణ్ణి నేను చాలాకాలంగా ఎరుగుదును, నెమ్మదస్తుడు, కష్టపడే స్వభావం కలవాడు అని గుండ్రటి అక్షరాలతో రాశాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. కింద సంతకానికి చోటు వదిలి, హైస్కూలు హెడ్మాస్టరు గారి దగ్గరికి పంపించాను.

వాడు వెళ్ళాక ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేది. భోజనం పెట్టింది, తిన్నాను.

మర్నాడు పదకొండింటికి పోస్టుమేను మా వీధిలోకి వచ్చాడు. గుమ్మంలో ఎవరూ లేరు. ఆవిడ వంటింట్లో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది.