కిర్రుమన్న అద్దం

మా మిఠాయి దుకాణం సిరొంచల బస్టాండుకు పోయే తొవ్వ మీద ఉంటది. ముంగట పెద్ద కిటికి, దానికి ఒక్కటే అద్దం. అద్దం ఎనుక జిలేబీ, బాలూషా, సేవు. పక్కనే కడాయి. పొద్దుగాల నుంచి మాపటిదాంక నూనె కాగుతనే ఉంటది. ఆ పొగ ఎక్కడికి పోతదో నేను చాన రోజులు ఆలోచించలే.

నేను కోడలిగ వచ్చిన కొత్తల గల్లపెట్టె కాడ మా అత్తమ్మ కూసునేది. నాకు లోపల పిండి కలుపుడు. మరాఠీ బడిల పది పాసైనదాన్ని, మూడు భాషలు మాట్లాడుత. గల్ల కాడ కూసొని గిరాకితోని మాట్లాడాలని నా పాణం కొట్టుకునేది. దాచుడెందుకు, ఆ ఇంట్ల నేను కోరుకున్నది గదొక్కటే.

"ముందుగాల అద్దం తుడువుడు నేర్చుకో పిల్లా, గల్ల సంగతి తర్వాత," అన్నది అత్తమ్మ.

వారం వారం జరిగే అంగడికి ముందు రోజు అద్దం తుడుసుడు మా అత్తగారింట్ల ఆనవాయితీ. తుడిసినంక అరచెయ్యి ఆనిచ్చి పైకెళ్లి కిందికి గుంజాలె. చెయ్యి సర్రున జారితే సాఫ్ అయినట్టు, ఆగితే కానట్టు. అత్తమ్మకు వాళ్ల అత్త చెప్పిందట. అత్తమ్మ దుకాణంల బట్టతోనే తుడిసేది, ఎప్పుడూ జారేది.

నా వంతు వచ్చింది. నేనేమన్న తక్కువా? నీళ్లు కాగవెట్టి, సోడా ఏసి రుద్దిన. పచ్చటి నీళ్లు కారినయి. రెండుసార్లు మంచినీళ్లతోని కడిగి, కొత్త ధోతిగుడ్డతోని తుడువవట్టిన. సగందాంక పోయి గుడ్డ ఆగింది. గుంజితే కిర్రుమన్నది. సబ్బు మిగిలిందేమో అని మల్ల కడిగిన. గుడ్డ ఇంకింత గట్టిగ పట్టుకున్నది. మూడోసారికి నా రెక్కలు పడిపోయినయి.

గంతల, రేగుంట ఊరి నుంచి వచ్చిన ముసలాయిన గా జిలేబీ ఇయ్యమని చెయ్యి చాపి, వేళ్లు టక్కున అద్దానికి తాకిచ్చుకున్నడు. "ఓరి దీని! అద్దమున్నదా ఈడ?" అని ఆయినే నవ్విండు.

అత్తమ్మ నవ్వలే. చెయ్యి కొంగుకు తుడుసుకొని అద్దానికి ఆనిచ్చింది. కిర్రు.

"ఏందే గిది? జిగటగ ఉన్నది. మల్ల కడుగు."

బకెట్ల నీళ్లు ముంచుకుంట నిలవడ్డప్పుడు నాకు ఎలిగింది. కుంకుడుకాయతోని తలంటుకుంటే వెంట్రుకలు వేళ్ల నడుమ కిర్రుమంటయి గద. జిడ్డంత పోయిందని గదే గుర్తు. అద్దం మీద ఏమీ లేదు, అందుకే గుడ్డ జారుతలేదు. ఇన్నేండ్లు అత్తమ్మ చెయ్యి జారింది అద్దం మీద గాదు, కడాయి పొగ పట్టిన నూనె మీద.

ఆ మాట అంటే అయిపోవు. అనలే. ఆమె అత్త చెప్పిందాన్ని నేను తప్పంటే గల్ల సంగతి ఇగ మర్చిపోవుడే అనిపిచ్చింది. గుడ్డకు రెండు సుక్కల నూనె అంటిచ్చి అద్దం మీద తిప్పిన. అత్తమ్మ చెయ్యి సర్రున జారింది.

"ఇగో, ఇప్పుడు కడిగినవ్," అన్నది.

మరుసటి అంగడికి నేను గల్ల కాడ కూసున్న. సంబురమే అయింది, అబద్ధమెందుకు చెప్పాలె. సిగ్గు గూడ అయింది. మాపటికి లారీల దుమ్మంత అద్దం మీది నూనెకు అంటుకున్నది. అయినా ప్రతి అంగడికి గదే పని చేసిన. అత్తమ్మ పోయినంక గూడ మానలే.

ఇప్పుడు నాకు కోడలొచ్చింది. అంకిస ఊరి పిల్ల, సైన్స్ చదివింది. "గల్ల కాడ నేను కూసుంట అత్తమ్మా," అని అడుగుతనే ఉన్నది. నేను రేపంటిని, మాపంటిని. మొన్న అంగడి ముందు రోజు ఆమెనే అద్దం కడిగింది. నేను పోయి, చెయ్యి కొంగుకు తుడుసుకొని ఆనిచ్చిన. ఎవ్వలూ చెప్పలే, చెయ్యే పోయింది.

కిర్రు.

"ఏందే గిది? జిగటగ ఉన్నది. మల్ల కడుగు," అన్న.

నా నోట్లెకెళ్లే వచ్చింది. అన్నీ తెలిసిన నోరు.

పిల్ల బకెట్ పక్కకు వెట్టింది. "కడుగను అత్తమ్మా. జిడ్డు పోయింది కాబట్టే మీ చెయ్యి ఆగింది. కుంకుడుతోని తలంటుకున్నంక వెంట్రుకలు గిట్లనే కిర్రుమంటయి గద. గప్పుడు మల్ల రుద్దుకుంటరా?"

ముందుగాల కోపమొచ్చింది, నాకే చెప్తవా అని. తర్వాత యాదికొచ్చింది. నేను బకెట్ కాడ మింగిన మాట గదే. ఆ పిల్లకు గూడ గల్ల కావాలె, నాకున్నంత ఆశనే ఉన్నది. అయినా అన్నది.

"పో, పోయి గల్ల కాడ కూసో," అన్న.

"అద్దమో?"

అద్దం మీద నా అరచెయ్యి అచ్చు నూనెతోని మెరుస్తున్నది. ఆమె చేతిలకెళ్లి గుడ్డ తీసుకున్న.

"గది నేను తుడుస్త."