అమ్మ ఎంచిన డబుల్ క్యాబిన్ బండి

పెళ్ళిళ్ళకీ సభలకీ జనరేటరూ లైట్లూ అద్దెకివ్వడం మా ఇంటి పని. భీమడోలు నుంచి కొల్లేరు వైపు దిగే రోడ్డు మీద మా ఊరు. జనరేటరు నాన్న చూసుకునేవారు. స్తంభాలు పాతి కేబుళ్ళు లాగడం బాబాయి వంతు. సీరియల్ లైట్లు అమ్మవి. వంద బల్బుల దండలో మాడిపోయిన ఒక్కదాన్ని వేలితో తడిమి పట్టుకునేది. దాన్ని తీసేసి, రెండు తీగలూ మెలేసి, మాట్లాడుతూ మాట్లాడుతూనే దండ మొత్తం వెలిగించేది. అంత తొందరగా ఆ పని చేసే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. బండి కొన్ననాటికి నా డిగ్రీ అయిపోయి, ఊళ్ళో ఇంగ్లీషు మీడియం స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. సెలవు రోజుల్లో వాళ్ళతోపాటు పనికి వెళ్ళేదాన్ని.

జనరేటరు రెండు చక్రాల ట్రాలీ మీద ఉండేది. టన్నుకు పైనే బరువు. దాన్ని లాగడానికి మాకు సొంత బండి లేదు. మా వీధి చివర ఉండే రైతుగారి ట్రాక్టరు అడిగి తెచ్చుకునేవాళ్ళం. సామాను కోసం ఒక చిన్న లారీ మాట్లాడుకునేవాళ్ళం. నాన్నా బాబాయీ ట్రాక్టరు మీద వెళ్తే అమ్మ లారీ వెనక కేబుల్ చుట్టల మీద కూర్చునేది. పెళ్ళివారి ఊరు చేరగానే మొదట కనిపించిన కుళాయి దగ్గర దిగి, మొహం కడుక్కుని, జుట్టులో దుమ్ము దులుపుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని అప్పుడు లోపలికి వెళ్ళేది. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే కాబట్టి అందులో నాకు ప్రత్యేకంగా ఏమీ కనిపించేది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకి, ఒక శ్రావణమాసంలో ఉంగుటూరు దగ్గర పల్లెలో పగటి ముహూర్తానికి ఒప్పుకున్నాం. శ్రావణంలో పెళ్ళిళ్ళెన్నో, నాట్ల కోసం పొలాల్లో బురద కలిపే దమ్ములూ అన్నే. రైతుగారి ట్రాక్టరు ఆ పొద్దున దమ్ములో దిగబడిపోయింది. ఇంకో ట్రాక్టరు కోసం బాబాయి నాలుగు ఊళ్ళు తిరిగాడు. ఎక్కడా ఖాళీ లేదు. చివరికి జనరేటరుని ఒక లారీ వెనక తాళ్ళతో కట్టి మెయిన్ రోడ్డు దాకా తీసుకెళ్ళారు. అక్కడినుంచి కాలువ గట్టు మీద మనుషులే తోసుకుంటూ వెళ్ళారు. వాళ్ళు చేరేసరికి ముహూర్తం దాటింది. కరెంటు లేదు. మైకూ ఫ్యాన్లూ లేకుండానే పెళ్ళయిపోయింది.

పెళ్ళికూతురి తండ్రి కోప్పడలేదు. "పోనీలెండి, దానికి మీరు మాత్రం ఏం చేస్తారు" అన్నారట. ఆ మాట నాన్నకి తిట్టుకంటే ఎక్కువగా తగిలింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, "మనకంటూ ఒక బండి ఉండాలి" అన్నారు.

అప్పటినుంచి ఇంట్లో బండి మాట తప్ప వేరే మాట లేదు. జంగారెడ్డిగూడెంలో ఎవరో పాత జీపు అమ్ముతున్నారని బాబాయి వెళ్ళి చూసొచ్చాడు. లాగడానికి బాగానే ఉంది కానీ సామాను పెట్టే చోటు లేదు. తరవాత ఏలూరు షోరూములో సింగిల్ క్యాబిన్ పికప్ చూశాడు. ముందు డ్రైవరూ పక్కన ఇద్దరూ కూర్చోవచ్చు, వెనకంతా పొడుగాటి తొట్టి. ఆయన మనసు దానిమీద పడిపోయింది.

"స్తంభాలన్నీ అందులోనే పడుకుంటాయి వదినా. వెనక జనరేటరు తగిలిస్తే ట్రాక్టరూ అక్కర్లేదు, లారీ అక్కర్లేదు," అన్నాడు.

అమ్మ సీరియల్ దండ విప్పుతూ వింటోంది. "బాగుంది. మరి మేమెక్కడ కూర్చోవాలి?" అంది.

"మేమంటే ఎవరు?"

"నేనూ, అమ్మాయీ, అత్తయ్యగారూ."

"పనికైతే నువ్వు ఎప్పటిలాగే వెనక కూర్చుంటావు కదా. చర్చికి ఆటో ఉండనే ఉంది," అన్నాడు బాబాయి.

ఆయన తప్పుగా అనలేదు. ఇన్నేళ్ళూ అలాగే జరిగింది. అమ్మ కూడా కోపంగా జవాబు చెప్పలేదు. చేతిలో దండ పక్కన పెట్టి నాన్న వైపు తిరిగింది.

"ఏవండీ, పెళ్ళయిన దగ్గరనుంచీ సామాను మీదే కూర్చుని వెళ్తున్నాను. అప్పుడు మనకి బండి లేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు కొత్త బండి కొంటూ కూడా దాని వెనకే కూర్చోమంటే మాత్రం నేను కూర్చోనండీ. లోపల సీటున్న బండే కొనండి."

మర్నాడు నాన్న నన్నూ అమ్మనీ తాడేపల్లిగూడెం తీసుకెళ్ళారు.

అక్కడి షోరూములో డబుల్ క్యాబిన్ బండి ఉంది. ముందు రెండు తలుపులు, వెనక రెండు తలుపులు, అయిదుగురికి చోటు, ఆ వెనక పొట్టి తొట్టి. చేపల చెరువుల ఆసాములు ఎక్కువగా కొంటున్నారని సేల్స్ కుర్రాడు చెప్పాడు. నాన్న ఇంజను చూస్తున్నారు. అమ్మ వెనక తలుపు తీసి ఎక్కి కూర్చుని తలుపేసుకుంది. అయిదు నిమిషాలు దాటినా దిగలేదు. కుర్రాడికి అనుమానమొచ్చి అద్దంలోంచి తొంగి చూశాడు.

"ఏమైనా కావాలాండీ?"

"ఏం లేదు బాబూ. ఏలూరు దాకా వెళ్తే నడుం నొప్పి పుడుతుందో లేదో చూసుకుంటున్నాను."

దిగాక వెనక మెట్టు ఎత్తు తన మోకాలితో కొలుచుకుంది. నానమ్మకి మోకాళ్ళు వంగవు. "ఇక్కడ ఇంకో చిన్న మెట్టు వేయిస్తే అత్తయ్యగారు ఎక్కగలరు," అంది. ఆ తరవాత కుర్రాణ్ణి అసలు ప్రశ్న అడిగింది. "ఇది టన్ను పైన బరువు లాగుతుందా?"

"ఆయ్, లాగుద్దండి."

"మీరు లాగించి చూశారా?"

అతను నవ్వేశాడు. "అయితే మా ఊరు తీసుకురండి. మా జనరేటరు తగిలించి చూద్దాం," అంది అమ్మ. మేనేజరు మొదట కుదరదన్నారు. నాన్న మా పని ఏమిటో, శ్రావణంలో ఏం జరిగిందో వివరంగా చెప్పేసరికి ఒప్పుకున్నారు. బాబాయి పట్టుబట్టి ఏలూరు షోరూము వాళ్ళని కూడా సింగిల్ క్యాబిన్ తీసుకుని అదే రోజు రమ్మన్నాడు.

మా డెల్టాలో ఎత్తు రోడ్లుండవు. ఎటు చూసినా చేలు అరచెయ్యిలా పరుచుకుని ఉంటాయి. ఉన్న ఎత్తల్లా ఊళ్ళోంచి కాలువ గట్టు మీదకి ఎక్కే మట్టి దారి ఒక్కటే. పొట్టిదే కానీ నిట్టనిలువుగా ఉంటుంది. పరీక్ష అక్కడే పెట్టాలంది అమ్మ. మాకు ట్రాలీలు అతికే వెల్డింగ్ మేస్త్రీగారు కూడా వచ్చారు. కొక్కెం బంపరుకి కాదు, బండి అడుగునున్న చాసిస్‌కి బిగించాలని చెప్పి రెండు బళ్ళకీ తనే దగ్గరుండి తగిలించారు.

మొదట సింగిల్ క్యాబిన్. బాబాయే నడిపాడు. అడుగునుంచి ఊపు తెచ్చుకుని గట్టు ఎక్కేసింది. దిగి అమ్మ వైపు చూశాడు.

"బాగానే ఎక్కింది. ఈసారి మధ్యలో ఆపి, మళ్ళీ ఎత్తు," అంది అమ్మ. "గట్టు మీద గేదెలు అడ్డమొస్తే ఆగాలి కదా."

బాబాయి మధ్యలో ఆపాడు. మళ్ళీ ఎత్తబోతే వెనక చక్రాలు తిరిగిన చోటే తిరిగాయి. ఖాళీ తొట్టి, పైన బరువు లేదు. మట్టి ఎగిరింది, క్లచ్ మాడిన వాసన వచ్చింది. చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, కిందకి దించి విప్పారు.

తరవాత డబుల్ క్యాబిన్ తగిలించారు. అమ్మ వెళ్ళి వెనక సీట్లో కూర్చుంది. నానమ్మని స్టూలు వేసి ఎక్కించింది. నన్నూ ఎక్కమంది. "ఖాళీ బండితో పరీక్ష ఎందుకు, మేం లేకుండా అది ఎక్కడికి వెళ్తుంది," అంది. బాబాయి అదే చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, నెమ్మదిగా ఎత్తాడు. బండి ఒకసారి వణికి, మొదటి గేరులో గట్టు మీదకి వచ్చేసింది. నానమ్మ బైబిలు సంచీ ఒళ్ళో పెట్టుకుని "అయిపోయిందా?" అని అడిగింది.

బాబాయి ఇంజను ఆపి స్టీరింగు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. "నువ్వు చెప్పిందే కరెక్టు వదినా. కానీ స్తంభాలు పట్టవు," అన్నాడు.

ఆ మాట కూడా నిజమే. బండి ఉన్నన్నాళ్ళూ స్తంభాలు మాకొక తలనొప్పి. పైన క్యారియరు కట్టించి వాటికి ఎర్ర గుడ్డ కట్టుకుని తిరిగాం.

బండి వచ్చింది, నడిపేదెవరన్న ప్రశ్నా దాంతోపాటే వచ్చింది. నాన్నకి ఎడమ కన్ను సరిగా కనిపించదు. స్తంభాలకి గుంతలు తీసిపెట్టడానికి బాబాయి ఇకమీదట ముందురోజే వెళ్తానన్నాడు. నేను నేర్చుకుంటానన్నాను. నాన్న అమ్మ వైపు చూశారు. "ట్రాక్టరు కోసం నాలుగు ఊళ్ళు తిరిగాం కదండీ, డ్రైవరు కోసం ఇంకో నాలుగు ఎందుకు?" అంది అమ్మ.

ఏలూరులో డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. కానీ ట్రాలీతో వెనక్కి నడపడం ఏ స్కూల్లోనూ చెప్పరు. ట్రాలీ కుడికి వెళ్ళాలంటే స్టీరింగు ఎడమకి తిప్పాలి. అది లెక్కల టీచరుకి కూడా తొందరగా తలకెక్కదు. ఆదివారాలు చర్చి అయ్యాక బాబాయి నన్ను రైసుమిల్లు కళ్ళంలోకి తీసుకెళ్ళి, రెండు పాత డబ్బాలు నిలబెట్టి, వాటి మధ్యలోంచి ట్రాలీ వెనక్కి పెట్టమనేవాడు. నేను డబ్బాలు గుద్దేస్తూనే ఉండేదాన్ని. ఆయన ప్రతిసారీ లేచి వెళ్ళి నిలబెట్టేవాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "తిప్పిన తరవాత ఆగు అమ్మాయ్. ట్రాలీకి నీ మాట అందడానికి కొంచెం టైం పడుతుంది," అనేవాడు. నెల్లాళ్ళకి డబ్బాలు కదలడం మానేశాయి.

నేను నడిపిన మొదటి పెళ్ళి కొల్లేరు లోపల ఒక లంక ఊళ్ళో. మధ్యాహ్నం మూడింటికి బయల్దేరాం. అమ్మ కొత్త చీర కట్టుకుని వెనక సీట్లో కూర్చుంది, నాన్న నా పక్కన. ఊరు ఇంకో కిలోమీటరు ఉందనగా రోడ్డు బాగా సన్నబడింది. రెండు పక్కలా చేపల చెరువులు. ఎదురుగా చేపల లోడుతో లారీ వచ్చి నిలబడింది. దాని వెనక ఇంకోటి. అవి వెనక్కి వెళ్ళే అవకాశం లేదు. మా వెనక రెండొందల గజాల్లో చెరువు మోటారు షెడ్డు దగ్గర కొంచెం వెడల్పు ఉంది. అక్కడిదాకా నేనే వెనక్కి వెళ్ళాలి.

లారీ డ్రైవరు దిగి వచ్చి, నా మొహం చూసి, నాన్నతో అన్నాడు. "ఏవండీ, నేను నడిపిపెట్టనాండీ? పక్కన నీళ్ళున్నాయి."

నాన్నకి భయంగానే ఉందని నాకు తెలుసు. గొంతు సవరించుకుని, "వద్దండీ. మా అమ్మాయి పెడుతుంది," అన్నారు.

అద్దంలో ట్రాలీ, దాని వెనక సన్నటి రోడ్డు, అటూ ఇటూ నీళ్ళ మెరుపు. కొంచెం తిప్పి ఆగాను, మళ్ళీ కొంచెం తిప్పాను. అమ్మ వెనక అద్దంలోంచి చూస్తూ, "ఇటు వైపు మూరెడు ఉంది. ఇంకా ఉంది. చాలు, సరిచెయ్యి," అని చెబుతూ వచ్చింది. గట్టు మీద కొంగలు లేచిపోయాయి. రెండుసార్లు ట్రాలీ వంకర పోయింది. రెండుసార్లూ ముందుకి లాగి సరిచేసుకున్నాను. ఎంతసేపు పట్టిందో తెలీదు. షెడ్డు దగ్గర బండి పక్కకి ఆగాక రెండు లారీలూ దాటి వెళ్ళాయి. ఆ డ్రైవరు దాటుతూ కిటికీలోంచి చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. నాన్న నావైపు చూడకుండా రోడ్డు వైపే చూస్తూ, "పద," అన్నారు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూడనట్టు ఉన్నాను.

పెళ్ళివారింటి ముందు ఆగగానే ఒకావిడ పన్నీరు బుడ్డి పట్టుకుని ఎదురొచ్చింది. అమ్మ తలుపు తీసుకుని దిగింది. చీర మడత నలగలేదు. ఆవిడ మమ్మల్ని మగపెళ్ళివారి తాలూకు అనుకుని, పన్నీరు చల్లి, "రండి రండి, ప్రయాణం బాగా జరిగిందా అండీ?" అంటూ చెయ్యి పట్టుకుంది.

"మేం జనరేటరు వాళ్ళమండీ," అంది అమ్మ నవ్వుతూ.

ఆవిడ తడబడి, మా వెనక ట్రాలీ వైపు చూసి, "అయితే మరీ మంచిదండీ. మీరొస్తేనే కదా పెళ్ళి. రండి, ముందు కాఫీ తాగండి," అని చెయ్యి వదలకుండానే లోపలికి తీసుకెళ్ళింది. అమ్మ నడుస్తూ ఒకసారి వెనక్కి తిరిగి నాన్న వైపు చూసింది. ఆ చూపులో ఉన్న గర్వం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంటుంది.

ఆ బండి మా దగ్గర చాలా ఏళ్ళుంది. వారమంతా జనరేటరు లాగేది. ఆదివారం ఇంటిల్లిపాదినీ చర్చికి తీసుకెళ్ళేది. నానమ్మ కంటి ఆపరేషనుకి ఏలూరు వెళ్ళిందీ, పట్టీతో తిరిగొచ్చిందీ అందులోనే. ఊళ్ళో ఎవరు బండి కొనాలన్నా అమ్మని అడగడం మొదలుపెట్టారు. ట్రాక్టరు రైతుగారు కూడా, కోడలూ మనవలూ తిరగడానికి బండి చూస్తున్నానని, "ఒకసారి మాతో తాడేపల్లిగూడెం వస్తారాండీ?" అని ఇంటికొచ్చి అడిగారు. అమ్మ చెప్పులేసుకుంటూ, "మీ కోడల్ని కూడా రమ్మనండి. ఎక్కి కూర్చునేది తను కదా," అంది.