గ్రహణం నాటి మామిడికాయ

నా కూతురు గ్రహణం మొర్రితో పుట్టింది. పైపెదవి ఎడమపక్క ముక్కు దాకా చీలి ఉంది. బిడ్డను చేతుల్లోకి తీసుకుని మా అత్త అడిగిన మొదటి మాట, "గ్రహణం నాడు ఏం కోసినావు?"

కోశాను, దాచేదేముంది. నాకు ఏడో నెలలో గ్రహణం వచ్చింది. నగరిలో మగ్గం నేసే మా అత్తగారింట్లో ఆ పూట కడుపుతో ఉన్నవాళ్లు కత్తి ముట్టకూడదు, ఏమీ తినకూడదు, చాప మీద కదలకుండా పడుకోవాలి. పడుకుని పడుకుని విసుగొచ్చింది. ఆకలి కూడా వేసింది. ఎవరూ చూడట్లేదని ఒక పచ్చి మామిడికాయ కోసుకుని ఉప్పూకారం అద్దుకుని తిన్నాను. టెంక అత్త కంటబడింది. పాప పుట్టాక చూడవచ్చిన ప్రతి ఒక్కరికీ ఆవిడ ఆ టెంక సంగతి చెప్పింది. విని విని నాకే అనుమానం పట్టుకుంది. నిజంగా నా చేతులతో నేనే చేశానా? పాప ముఖం చూసినప్పుడల్లా ఆ టెంకే గుర్తొచ్చేది.

తిరుపతిలో ఆపరేషన్ చేసే డాక్టరమ్మను అడిగేశాను. మనసులో పెట్టుకుని కూచునే రకం కాదు నేను. ఆమె నవ్వలేదు. రెండు అరచేతులూ తన చెంపల మీద పెట్టుకుని ముక్కు వైపు మెల్లగా జరిపి చూపించింది.

"ముఖం ఒకేసారి తయారు కాదమ్మా, ముక్కలుగా వస్తుంది. నుదుటి వైపు నుంచి ఒక భాగం దిగుతుంది. చెంపల వైపు నుంచి రెండు భాగాలు వచ్చి దానికి అతుక్కుంటాయి. ముక్కు కింద చిన్న గాడి ఉంది కదా, దానికి అటూ ఇటూ ఉన్న గట్లే ఆ అతుకులు."

నా పెదవి తడుముకున్నాను. మా మగ్గం మీద చీరకు అంచు కలిపినట్టు నా ముఖాన్ని కూడా కలిపారన్నమాట! ఎప్పుడు కలుస్తాయని అడిగాను.

"రెండో నెల నిండేలోపే."

అంటే నేను మామిడికాయ కోసేనాటికి ఆ పని ఎప్పుడో అయిపోయింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మరి మా పాపకెందుకు కలవలేదంటే, ఒక్క కారణం చెప్పలేమంది. ఎన్నో జన్యువులు, ఇంకా ఏవేవో కలిసి చేసే పనట. కొన్నిసార్లు వంశంలో వస్తుందని చెప్పి, "మీ ఇళ్లలో ఎవరికైనా ఉందా?" అని అడిగింది.

"మా ఇంట్లో అట్లాంటిది యాడా లేదు," అంది అత్త. పక్కనే ఉన్న మామ మీసం దువ్వుకుంటూ కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. కుట్లు మానాక మామ కొండకు పోదామన్నాడు. తలా మీసమూ రెండూ ఇస్తానని మొక్కుకున్నాడట.

"తల చాల్లేయ్యా, మీసం ఎందుకు? పెండ్లయిన కాడ్నించి నిన్ను మీసం లేకుండా సూసిందే లేదు," అని అత్త గొణిగింది. ఆయన వినిపించుకోలేదు.

కల్యాణకట్ట నుంచి గుండుకు చందనం పూసుకుని వస్తున్న మనిషిని మేం ముందు గుర్తుపట్టలేదు. దగ్గరికి వచ్చాక నా చూపు ఆయన పైపెదవి మీదే ఆగిపోయింది. ముక్కు దాకా సన్నటి గీత, పెదవి అంచున చిన్న నొక్కు. నా చంకలో ఉన్న పాప పెదవి చూశాను, మళ్లీ ఆయనది చూశాను. అదే చోటు. ముందు ఆశ్చర్యమే కలిగింది. ఒంటిని మండించే కోపం ఆ తర్వాత వచ్చింది.

"ఏందయ్యా ఇది?" అంది అత్త.

"పుట్టినకాడ్నించి ఉండాది. మీసం మొలిచినాక ఎవురికీ కనపళ్లేదు," అని మామ నా వైపు తిరిగాడు. "ఆస్పత్రిలోనే చెప్పాలనుకున్నా. నోరు రాలేదమ్మా."

పాప చెయ్యి చాచి ఆయన కొత్త ముఖాన్ని తడుముతోంది. ఆయన వంగి తడమనిచ్చాడు.

"మాయమ్మ గ్రహణం నాడు గుమ్మడికాయ కోసిందంట," అన్నాడు. "నా పెండ్లికి ముందే పోయింది. సచ్చేదాకా తిట్టినారు ఆమెను. నేనూ తిట్టినాను."