నిసార్ భాయ్ రెండు కుట్లు

నిసార్ భాయ్‌కి ఒకటే జబ్బు. ఎదుటివాడి ఒంటిమీద బొత్తాం వదులైతే ఊరుకోలేడు. "ఇలా ఇయ్యండి, రెండు కుట్లేసిత్తాను" అని చెయ్యి చాపుతాడు. బట్ట అందేదాకా ఆ చెయ్యి వెనక్కి పోదు.

భార్య చాంద్ సుల్తానాను డయాలసిస్‌కి తెచ్చే రోజుల్లో, కంచరపాలెంలో దర్జీకొట్టు మూసి, టోపీ అంచున సూది గుచ్చుకుని వచ్చేవాడు. ఆమె మంచం మీద, ఈయన పక్కన స్టూలు మీద. ఆయన చేతికి చిక్కనివాడు ఆ సెంటర్లో లేడు. ఓసారి వాచ్‌మన్ అప్పలసూరి బనీనుతోనే గేటు దగ్గర నిలబడి సెల్యూట్లు కొట్టాడు. డాక్టరుగారు ఒక చెయ్యి ఊడదీసిన తెల్లకోటుతో రౌండ్లు ముగించారు.

"ఊరుకోండి, పరువు తీత్తన్నారు" అనేది సుల్తానా.

"సిరిగిన కోటుతో తిరిగితే పోదేటి పరువు?"

పక్క మంచం శ్రీనివాసరావుది. గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీల్ ప్లాంటులో కొలిమి ముందు నిలబడి ఉద్యోగం చేసిన మనిషి. కిడ్నీలు పోయాక తొడలు చిక్కిపోయి, కుర్చీలోంచి లేవాలంటే భార్య భ్రమరాంబ లేపాల్సి వచ్చేది. ఆవిడకేమో నడుం నొప్పి. తనని లేపిన ప్రతిసారీ ఆవిడ పళ్ళు బిగబట్టడం చూసి, ఆయన జబ్బుకంటే దానికే ఎక్కువ కుమిలిపోయేవాడు.

ఫిజియోథెరపీ అమ్మాయి ఇంద్రజ ఆయనకో వైద్యం మొదలుపెట్టింది. ప్యాంటు కొక్కేనికి తగిలించి లుంగీ కట్టుకుని పడుకుంటే, ఒకపక్క రక్తం మిషన్లో తిరుగుతుండగానే తొడలకు ప్యాడ్లు అంటించి సన్నగా కరెంటు పెట్టేది. కండ దానంతటదే బిగిసేది, వదిలేది.

"ఒట్టి దండగమ్మా. రేపట్నుంచి ఈ కరెంటు నాకొద్దు" అన్నాడాయన కొన్ని వారాలకు.

"ఏటంకుల్, కండ పట్టడానికి టైం పడతాది."

"పట్టేదైతే ఈపాటికి పట్టేదే."

నిసార్ భాయ్ కొక్కెం వైపు చూశాడు. "రావుగారూ, ప్యాంటు బొత్తాం ఊగతంది. ఇలా ఇయ్యండి."

ఆ సాయంత్రం ప్యాంటు తొడుక్కుంటుంటే తొడల దగ్గర కాస్త పట్టినట్టనిపించింది. ఇంట్లో భ్రమరాంబ కూడా పట్టి చూసి, "అవునండీ, నిండుగా ఉంది" అంది. ఇంక కరెంటు వద్దన్న మాట మళ్ళీ ఎత్తలేదు. బొత్తాలు ఊగుతూనే ఉన్నాయి, ప్యాంట్లు బిగుస్తూనే ఉన్నాయి.

ఒక ఉదయం ఆయన కుర్చీలోంచి తనంతట తానే లేచాడు. భ్రమరాంబ గరిటె పట్టుకుని గుమ్మంలోనే ఏడ్చేసింది. నిసార్ భాయ్‌కి చెప్పాలని ఆత్రంగా సెంటరుకు వెళితే పక్క మంచం ఖాళీగా ఉంది. సుల్తానా ముందురోజే పోయింది.

ఆ వారంలోనే భ్రమరాంబ ప్యాంటు తిరగేసి ఇస్త్రీ చేస్తూ, "ఇదేంటండీ, లోపల ఇన్ని వరసల కుట్లు?" అంది. శ్రీనివాసరావుకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ నన్ను వెర్రివాణ్ణి చేశాడా అనుకుని, ఆ ప్యాంటే తొడుక్కుని కంచరపాలెం ఆటో ఎక్కాడు.

నిసార్ భాయ్ చాప మీద సుల్తానా సల్వార్లు పెట్టుకుని కుట్లు విప్పుతున్నాడు.

"ఎవరికైనా ఇచ్చేద్దారని. సిక్కిపోతన్న సంగతి తనకి తెలీకూడదని ఎప్పటికప్పుడు లోపల కుట్లేసి నొక్కేసేవోణ్ణి. ఇప్పుడియన్నీ ఇప్పాలి కదా."

వరస మీద వరస కుట్లు. ఆఖరి వరస దగ్గర చిన్నపిల్ల కాలు పట్టేంత గుడ్డే మిగిలింది. నిలదీయడానికొచ్చిన శ్రీనివాసరావు కూడా చాప మీద కూలబడ్డాడు.

కాసేపటికి నిసార్ భాయ్ చూపు ఆయన ప్యాంటు మీద పడింది. తొడ దగ్గర గుడ్డ రెండు వేళ్ళతో పట్టబోతే అందలేదు. "రావుగారూ, ఇది నిజంగానే పట్టేత్తంది. ఇలా ఇయ్యండి, ఒదులు సేత్తాను."

శ్రీనివాసరావు నిసార్ భాయ్ లుంగీ చుట్టుకుని, కుట్లు విప్పుతున్నంతసేపూ ఊడిన దారాలు ఏరుతూ కూర్చున్నాడు. తర్వాత, లేపడానికి చాపిన చేతిని పక్కకు నెట్టి, చాప మీంచి మెల్లగా తానే లేచాడు.

"లుంగీకి కుట్లు వెయ్యలేదు కదా భాయ్?"

నిసార్ భాయ్ తల వంచేశాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని శ్రీనివాసరావు కంగారుపడ్డాడు. కళ్ళు తడిగానే ఉన్నాయిగానీ, ఆయన నవ్వుతున్నాడు. అంతలోనే ఆ చూపు లుంగీ మీదికి దిగింది.

"అంచు ఊడింది రావుగారూ. ఇలా ఇయ్యండి."

"ముందు నా ప్యాంటిచ్చి అడుగు భాయ్."